ఇలాన్ మస్క్ లైవే ఆగిపోయింది, మా ఊరి బతుకమ్మ లైవ్ ఆగకుండా ఉంటుందా?

ఉంటుంది, భయపడకండి. వాళ్ల లైవ్ దెబ్బతిన్న చోటు వేరు, మన లైవ్ దెబ్బతినే చోటు వేరు.

2023 మే 24న అప్పటి ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిశాంటిస్ అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేస్తున్నట్టు మస్క్‌తో కలిసి, మస్క్ కంపెనీ ట్విటర్ (ఇప్పుడు ఎక్స్)లోని ఆడియో లైవ్ స్పేసెస్‌లో ప్రకటించబోతే, లక్షల మంది ఒకేసారి రావడంతో సర్వర్లు తట్టుకోలేదు. ఇరవై నిమిషాలకు పైగా ఆడియో తెగుతూనే ఉంది. చివరికి ఆ కార్యక్రమం నడిపిస్తున్న డేవిడ్ శాక్స్ ఖాతా నుంచి మళ్లీ మొదలుపెట్టారు. 2024 ఆగస్టులో అక్కడే ట్రంప్‌తో మస్క్ ముచ్చట కూడా 40 నిమిషాలకు పైగా ఆలస్యమైంది. సైబర్ దాడి జరిగిందని మస్క్ అన్నారు. కారణం ఏదైనా, ఆ ఇబ్బంది ప్లాట్‌ఫామ్ వైపుది. మీ సద్దుల బతుకమ్మను చూసేది మహా అయితే కొన్ని వందల మంది. యూట్యూబ్‌కు అదొక లెక్క కాదు. చంద్రయాన్-3 దిగిన రోజు ఇస్రో లైవ్‌ను ఒకే సమయంలో 80 లక్షల మంది చూశారు.

మనకు తెగేది అప్‌లోడ్ దగ్గర, అంటే మన వీడియో ఇక్కడి నుంచి నెట్‌లోకి పోయే చోట. నేను హన్మకొండలో పెళ్లిళ్లకు, సభలకు లైవ్ ఇస్తుంటాను. పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల రోజు మధ్యాహ్నం స్పీడ్ టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా వస్తుంది. సాయంత్రం ఆడవాళ్లు బతుకమ్మలు పట్టుకొని చేరేసరికి వచ్చినవాళ్లంతా ఫోన్లు తీసి వీడియో కాల్స్ చేస్తారు. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, డేటా మాత్రం కదలదు. మేడారం జాతరలో ఇది ఇంకా ఎక్కువ. అందుకే ఖాళీ మైదానంలో చేసిన టెస్ట్‌ను నేను అస్సలు నమ్మను.

చెరువు దగ్గర్లో ఫైబర్ ఇంటర్నెట్ ఉన్న ఇల్లు చూసుకోండి. వాళ్లను అడిగి, రూటర్ నుంచి కెమెరా దగ్గర ఉన్న ల్యాప్‌టాప్ దాకా కేబుల్ లాగండి, వైఫై వద్దు. లాన్ కేబుల్ వంద మీటర్లు దాటితే మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ పెట్టాలి. కెమెరా అద్దె తగ్గించుకొనైనా ఈ పని చేయండి, నా మాట వినండి. క్వాలిటీ 720పీ చాలు, 4 ఎంబీపీఎస్‌లో పోతుంది. లైన్‌లో అప్‌లోడ్ స్పీడ్ దానికి రెట్టింపు ఉండాలి. కరెంటు పోతే రూటర్ కూడా ఆగుతుంది కాబట్టి ఆ ఇంట్లో ఇన్వర్టర్ ఉందో లేదో అడగండి. వేరే వేరే కంపెనీల సిమ్‌లున్న రెండు ఫోన్లు స్టాండ్‌బైగా ఉంచండి. కెమెరాలో రికార్డింగ్ ఎలాగూ నడవాలి.

చానల్ కొత్తదైతే యూట్యూబ్‌లో లైవ్ ఫీచర్ ముందే ఆన్ చేసిపెట్టుకోండి, మొదటిసారి 24 గంటల దాకా పడుతుంది.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది: డీజేలో ఆల్బమ్ పాటలు వేస్తే కాపీరైట్ కింద యూట్యూబ్ లైవ్‌ను మధ్యలోనే ఆపేయొచ్చు. నెట్ ఎంత బాగున్నా అప్పుడు లాభం లేదు. లైవ్ నడిచినంతసేపు డీజే బంద్ పెట్టించి, పాడే అమ్మల దగ్గర ఒక మంచి మైక్ పెట్టండి.