పాలపళ్లు అరిగిపోకముందే: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య దీవెనలతో రాయునది.

పాపకు వచ్చిన కింది ముందుపళ్లు రెండూ బూడిదరంగుకూ తేనెరంగుకూ మధ్యగా కనిపిస్తున్నాయని, అది ఐరన్ టానిక్కు మరక అని మీ అత్తగారు అంటున్నారని, నీ మనసులో మాత్రం వేరే అనుమానం ఉందని రాశావు. టానిక్కు మరక పంటి పైపైనే ఉంటుంది, డాక్టరు శుభ్రం చేస్తే పోతుంది. చిగురు లోంచి బయటికి వస్తూనే లోపలినుంచి రంగు తేలి, వెలుతురులో కాస్త పారదర్శకంగా మెరిసే పన్ను అయితే అది మీ నాన్నకూ, నాకూ, నీకూ వచ్చిన పన్నే. పరీక్ష చేయించి రూఢి చేసుకోవలసిందే గాని, మన ఇంట్లో ఇది మూడు తరాలుగా ఉంది కనుక నీ అనుమానాన్ని తోసిపుచ్చకు. నీ చిన్నతనంలో దీనికి మనం పేరు కూడా ఎరుగం, "మన ఇంటి పళ్లు" అనుకుని ఊరుకునేవాళ్లం. ఇప్పుడు పేరూ తెలుసు, కారణమూ తెలుసు, ఏం చేయాలో కూడా తెలుసు.

దీన్ని డెంటినోజెనిసిస్ ఇంపర్ఫెక్టా అంటారు. పంటికి పైన కనిపించే గట్టి పొర పింగాణీ. దాని కింద పన్నులో ఎక్కువ భాగాన్ని ఆక్రమించి ఉండేది డెంటిన్. దాని నడుమ నరాలు, రక్తనాళాలు ఉండే గుజ్జు. మన పళ్లలో పింగాణీ దాదాపుగా మామూలుగానే ఉంటుంది. లోపం డెంటిన్‌లో ఉంది. డెంటిన్ సరిగ్గా గట్టిపడడానికి కావలసిన ప్రొటీన్లను తయారుచేయించే డీఎస్‌పీపీ అనే జన్యువు నాలుగో క్రోమోజోము మీద ఉంటుంది. అందులో మార్పు వస్తే డెంటిన్ మెత్తగా, క్రమం తప్పి ఏర్పడుతుంది. ఈ జన్యువుకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం 2001లో బయటపడింది. చెమ్మ ఆరని గోడ మీద వేసిన సున్నం ఎంత మంచిదైనా పెచ్చులుగా ఊడిపోయినట్టే, కింద ఆధారం బలంగా లేక మంచి పింగాణీ కూడా నమిలే ఒత్తిడికి ముక్కలుగా రాలిపోతుంది. అది రాలిన చోట మెత్తని డెంటిన్ బయటపడి, ఎదురు పన్నుతో రాపిడికి వేగంగా అరుగుతుంది. మీ తాతగారి పళ్లు నడివయసు రాకముందే చిగుళ్లదాకా అరిగిపోవడానికి కారణం ఇదే. అశ్రద్ధ కాదు.

ఇది ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాళ్లు చుట్టూ చాలామంది ఉంటారు కనుక జవాబులు నీ దగ్గర సిద్ధంగా ఉండాలి. గర్భంతో ఉన్నప్పుడు నువ్వు తిన్నదీ తినందీ దీనికి కారణం కాదు, గ్రహణమూ కారణం కాదు, కాల్షియం తక్కువ కావడమూ కాదు. ఇప్పుడు పాపకు కాల్షియం మాత్రలు ఎన్ని వేసినా పళ్ల తీరు మారదు. మన వైపు పళ్లకు రంగు ఉంటే చాలు, నీళ్లలో ఫ్లోరైడ్ అనేస్తారు. నల్లగొండ, కనిగిరి ప్రాంతాలు పడిన బాధ చూసినవాళ్లకు అలా తోచడం సహజమే. కాని ఫ్లోరోసిస్ ప్రధానంగా పింగాణీని దెబ్బతీస్తుంది, పాలపళ్లలో కన్నా శాశ్వత దంతాల్లో ఎక్కువగా కనిపిస్తుంది, ఒకే నీళ్లు తాగిన ఊరిపిల్లలందరిలో కనిపిస్తుంది. మనది పాలపళ్లతోనే మొదలవుతుంది, పాలపళ్లలోనే ఎక్కువ తీవ్రంగా ఉంటుంది, ఊరిని బట్టి కాక రక్తసంబంధాన్ని బట్టి వస్తుంది.

మేనరికం వల్ల వచ్చిందన్న మాట కూడా నీ చెవిన పడే ఉంటుంది. ఈ జబ్బు రావడానికి తల్లిదండ్రులిద్దరిలో ఒక్కరి దగ్గరనుంచి మారిన జన్యువు అందితే చాలు. బయటి సంబంధం చేసుకున్నా వస్తుంది. నీకు పుట్టే ప్రతి బిడ్డకూ ఇది వచ్చే అవకాశం సగం, రాకపోయే అవకాశం సగం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనీ లేదు, తప్పక వస్తుందనీ లేదు. జన్యువు అందినవాళ్ల పళ్లలో దాదాపు ఎప్పుడూ ఇది కనిపిస్తుంది కనుక, మీ తమ్ముడిలా మామూలు పళ్లు ఉన్నవాళ్లు పిల్లలకు దీన్ని అందిస్తామేమోనని దిగులుపడనక్కరలేదు. ఈ జబ్బు వరకు మేనరికం గురించి ఆలోచించవలసింది ఒక్క సందర్భంలోనే: ఇద్దరికీ ఈ పళ్లు ఉండి పెళ్లి చేసుకుంటే బిడ్డకు వచ్చే అవకాశం నాలుగింట మూడు వంతులకు పెరుగుతుంది. రెండో బిడ్డ గురించి నిర్ణయం నీదీ మీ ఆయనదీ. హైదరాబాదు నిమ్స్‌లో జన్యువైద్య విభాగం ఉంది, అక్కడ మాట్లాడి రండి. నా మట్టుకు నేను, అరిగే పళ్లకు భయపడి బిడ్డ వద్దనుకోవడం అవసరమని అనుకోను.

పళ్ల డాక్టరు కన్నా ముందుగానో, ఆయనతో పాటుగానో పిల్లల డాక్టరుకు కూడా చూపించమనడానికి ఒక కారణముంది. ఇలాంటి పళ్లే ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా అనే ఎముకల పెళుసుతనం ఉన్న పిల్లల్లోనూ కనిపిస్తాయి. అది ఎముకలకు బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీను జన్యువుల లోపం. డాక్టర్లు దాన్ని మొదటి రకంగానూ, ఎముకలతో సంబంధం లేని మన దాన్ని రెండో రకంగానూ 1973 నుంచి విడదీసి చెబుతున్నారు. మనవాళ్లలో చిన్న దెబ్బకే ఎముక విరిగినవాళ్లు, కంటి తెల్లగుడ్డు నీలంగా ఉన్నవాళ్లు ఎవరూ లేరు, కాబట్టి మనది రెండో రకమే అన్నారు. అయినా ఆ ప్రశ్న ఒకసారి అడిగి, చూసి, పక్కన పెట్టడమే మంచిది. డీఎస్‌పీపీ మార్పు ఉన్న కొన్ని కుటుంబాల్లో వయసుతో పాటు వినికిడి తగ్గడం కూడా ఉంది కనుక పాపకు వినికిడి పరీక్ష చేయించు, నువ్వూ చేయించుకో.

ఇక అసలు సంగతి. ఈ పళ్లకు చేయగలిగిన మేలంతా అవి అరగకముందే చేయాలి. పన్ను నిండుగా ఉన్నప్పుడు దాన్ని కప్పి కాపాడడం సులువు, అరిగి చిగురుకు సమంగా అయ్యాక దాని మీద ఏదైనా నిలబెట్టడం కష్టం. చాలామంది తల్లిదండ్రులు "పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అని ఆగిపోతారు. పాలపళ్లు అరిగితే పైదవడకూ కిందిదవడకూ మధ్య ఎడం తగ్గి ముఖం కింది భాగం కుదించుకుపోతుంది, బిడ్డ సరిగ్గా నమలలేదు, మాట స్పష్టత తగ్గవచ్చు, వెనక వచ్చే శాశ్వత దంతాలకు చోటు తప్పుతుంది. అందుకే మొదటి పుట్టినరోజు లోపలే పిల్లల పళ్ల డాక్టరుకు చూపించు. మామూలు పళ్ల డాక్టరు కాదు, పీడోడాంటిస్ట్ అని అడుగు. దగ్గర్లో లేకపోతే ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో, హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోనూ విజయవాడలోనూ ఉన్నవాటిలో, పిల్లల విభాగం ఉంటుంది.

దవడపళ్లు వచ్చాక, అంటే రెండేళ్లు రెండున్నరేళ్ల వయసులో, వాటికి స్టీలు క్యాపులు వేయమంటారు. అవి వెండిరంగులో కనిపిస్తాయని బంధువులు నొచ్చుకుంటారు. నువ్వు నొచ్చుకోకు. ఆ వయసులో అంత గట్టిగా, అంత తక్కువ ఖర్చుతో నిలిచేది మరొకటి లేదు, పన్ను ఊడేదాకా ఎత్తును కాపాడుతుంది. ముందుపళ్లకు పంటిరంగు కాంపోజిట్ తొడుగులు వేస్తారు. అవి మన డెంటిన్‌కు గట్టిగా అతుక్కోవు కనుక ఒకటి రెండుసార్లు ఊడవచ్చని, మళ్లీ వేయించవలసి వస్తుందని ముందే అనుకుని ఉండు. పాప చిన్నది, కదలకుండా కూర్చోదు కనుక మత్తు ఇచ్చి అన్ని క్యాపులూ ఒకేసారి వేద్దామని డాక్టరు అనవచ్చు. మత్తు డాక్టరు ఉన్న ఆసుపత్రిలో అయితే ఒప్పుకో, అనేకసార్లు ఏడిపించి చేయించడం కన్నా అదే నయం.

ఆరేళ్లకు వచ్చే మొదటి శాశ్వత దవడపళ్ల మీద నీ కన్ను ప్రత్యేకంగా ఉండాలి. పాలపళ్ల వెనక చప్పుడు లేకుండా వస్తాయి, చాలామంది అవీ పాలపళ్లే అనుకుంటారు. జీవితాంతం నమలవలసిన పళ్లు అవి. అవి పూర్తిగా బయటికి వచ్చిన వెంటనే కప్పించాలి. అక్కడినుంచి పన్నెండు పదమూడేళ్ల దాకా ఒక్కో పన్నూ వచ్చేకొద్దీ చూపిస్తూ ఉండాలి. శాశ్వతమైన సిరామిక్ లేదా జిర్కోనియా క్యాపులు ఎదుగుదల ఆగాక వేస్తారు. ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో బిగించే కృత్రిమ పళ్లు కూడా దవడ ఎదగడం పూర్తయ్యేదాకా వేయకూడదు. పదిహేనేళ్ల పిల్లకు వేస్తామని ఎవరైనా అంటే మరో డాక్టరు అభిప్రాయం తీసుకో.

ఒక విషయం మాత్రం బాగా గుర్తుంచుకో. మన పళ్లు అరుగుతున్నా నొప్పి పెద్దగా తెలియదు. లోపలి గుజ్జు గది చిన్నతనంలోనే డెంటిన్‌తో పూడిపోతుంది, అందుకే ఎక్స్‌రేలో నరం గీత కనిపించదు, పన్ను పైభాగం ఉబ్బెత్తుగా, వేళ్లు పొట్టిగా సన్నగా కనిపిస్తాయి. పిల్ల నొప్పి అనడం లేదు కదా అని వాయిదా వేయవద్దు. పుచ్చు ఏమీ లేకుండానే వేరు దగ్గర చీము పట్టడం కూడా మన పళ్లలో జరుగుతుంది. చిగురు మీద చిన్న పొక్కు కనిపించినా, చెంప వాచినా అదే రోజు తీసుకెళ్లు. నరం దారి పూడిపోయి ఉంటుంది కనుక రూట్ కెనాల్ చేయడం కష్టం, కొన్నిసార్లు కుదరదు. పాత ఎక్స్‌రేలు చూపించకుండా కొత్త డాక్టరు చేత రూట్ కెనాల్ మొదలుపెట్టించవద్దు.

ఇంట్లో చేయవలసింది తక్కువే, కాని రోజూ చేయాలి. మెత్తని కుంచె ఉన్న బ్రష్షు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు. మూడేళ్ల లోపు పాపకు బియ్యపు గింజంత చాలు, తరవాత బఠానీ గింజంత. బొగ్గుపొడి, ఉప్పు, కచ్చిక బూడిద, రకరకాల పళ్లపొడులు, తెల్లగా చేస్తామనే పేస్టులు ఇంట్లోకి రానివ్వకు, అవన్నీ గరుకుగా రాసుకుని, ఉన్న కాస్త పింగాణీని తీసేస్తాయి. వేపపుల్ల మీద మీ మామగారికి ఎంత నమ్మకం ఉన్నా పాప నోట్లో పెట్టనివ్వకు. చెరకు గడ పళ్లతో చీల్చడం, జంతికలు, చెక్కలు, పల్లీపట్టి, వేయించిన మొక్కజొన్న, మాంసం ఎముకలు కొరకడం మానిపించాలి. చెరకు రసం తాగవచ్చు, జామకాయ ముక్కలుగా కోసి పెట్టవచ్చు, ఆవకాయ ముక్కను టెంక తీసేసి కలిపి పెట్టవచ్చు. అన్నంలో రాయి లేకుండా చూసుకోవడం కూడా ఈ జాగ్రత్తల్లోదే. రాత్రి నిద్రలో పళ్లు కొరుకుతుంటే డాక్టరుకు చెప్పు.

రంగు పోగొడతామని బ్లీచింగ్ చేయించమనేవాళ్లు దొరుకుతారు. రంగు డెంటిన్‌లోనిది, బ్లీచింగ్‌తో కాస్త తగ్గినా మామూలు పంటిరంగు రావడం కష్టం. "అన్నీ పీకించి కట్టుడుపళ్లు పెట్టించండి" అనేవాళ్లూ ఉంటారు. పన్ను పీకితే అక్కడి దవడ ఎముక కూడా తగ్గిపోతుంది, రేపు ఇంప్లాంటుకు చోటు ఉండదు. బాగా అరిగిన వేళ్లనయినా ఉంచి, వాటి మీద కట్టుడుపళ్ల సెట్టు కూర్చోబెట్టే పద్ధతి ఉంది. నాకు కింది దవడలో చేసింది అదే, ఇప్పటికీ దానితోనే భోంచేస్తున్నాను.

పాప బడికి వెళ్లాక "పళ్లు తోమవా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో నీకు వేరే చెప్పనక్కరలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే అలవాటు మన ఇంటి ఆడపిల్లలందరికీ ఉంది. టీచరుకు ముందే చెప్పు. పాపకు మూడేళ్లు వచ్చినప్పటినుంచే "నీ పళ్లు పుట్టుకతోనే ఇలా ఉన్నాయి, అందుకే వాటికి తొడుగులు వేశాం" అని మామూలు గొంతుతో చెబుతూ ఉండు. దాన్ని ఇంట్లో రహస్యంగా ఉంచవద్దు, పెళ్లిసంబంధాల దాకా అసలే ఉంచవద్దు; చెప్పి చేసుకున్న సంబంధంలో పిల్ల నిశ్చింతగా నవ్వుతుంది. అమెరికాలో 6,000 నుంచి 8,000 మందిలో ఒకరికి ఇది ఉంటుందని లెక్క; అక్కడ మేరీలాండ్ రాష్ట్రంలో బ్రాండీవైన్ అనే చోట ఒక సమాజంలో తరతరాలుగా ఎంతోమందికి ఉంది. మన ఇంటి మీదే వచ్చిపడిన శాపం అని ఎవరైనా అంటే ఆ సంగతి చెప్పు.

నీ పళ్ల సంగతి కూడా మరిచిపోకు. కాన్పు అయ్యాక నువ్వు ఒక్కసారైనా చూపించుకున్నట్టు లేదు. పాపతో పాటు నువ్వూ ఆ కుర్చీలో కూర్చో, దవడపళ్ల ఎత్తు ఎంత మిగిలిందో కొలిపించుకో.

మీ నాన్నవీ నావీ పాత ఎక్స్‌రేలు, నాకు సెట్టు కట్టిన డాక్టరు రాసిన కాగితాలు ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. పాపకు ఇంత చిన్న వయసులో ఎక్స్‌రే తీయడం కుదరకపోవచ్చు, అప్పుడు ఇవి చూస్తే డాక్టరుకు సంగతి తెలుస్తుంది. ఎప్పటికి అపాయింట్‌మెంట్ దొరికిందో ఫోన్ చెయ్యి. తోడు కావాలంటే నేను వస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య