బీమా సందేహాలు: ఆటోపే ఉన్నా కారు పాలసీ ఆగిపోతే

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం మా కారు బీమాకు క్రెడిట్ కార్డు మీద ఆటోపే పెట్టుకున్నాను. ఏటా సెప్టెంబర్ చివర్లో ప్రీమియం దానంతటదే కట్ అయ్యేది, కొత్త పాలసీ మెయిల్‌కు వచ్చేది. ఈసారి అక్టోబర్ రెండో వారంలో ఈదురుగాలికి వీధిలోని చెట్టు కొమ్మ విరిగి కారు మీద పడింది. క్లెయిమ్ కోసం ఫోన్ చేస్తే, పాలసీ సెప్టెంబర్ 28 అర్ధరాత్రితో ముగిసిందనీ, ప్రీమియం అందలేదు కనుక రెన్యువల్ జరగలేదనీ చెప్పారు. వేసవిలో గడువు తీరిన కార్డు స్థానంలో బ్యాంకు కొత్త కార్డు పంపింది, అంతకుమించి నేను మార్చిందేమీ లేదు. జీవిత బీమాకు ఉన్నట్టు దీనికి గ్రేస్ పీరియడ్, అంటే గడువు దాటాక ప్రీమియం కట్టుకునే వ్యవధి, ఉండదా? ఏటా క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గించే నా 45 శాతం నో క్లెయిమ్ బోనస్ పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందు మీకు నచ్చని సమాధానమే చెప్పాలి. మోటారు బీమాలో గ్రేస్ పీరియడ్ లేదు. ప్రీమియం ముందుగా చేతికి అందితే తప్ప ఏ బీమా కంపెనీ కూడా నష్టభారాన్ని తన మీద వేసుకోకూడదని 1938 నాటి బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ చెబుతోంది. కాబట్టి సెప్టెంబర్ 28 అర్ధరాత్రి తరువాత జరిగిన నష్టానికి, కొత్త పాలసీ లేనప్పుడు, కంపెనీ నుంచి పరిహారం రాబట్టడం చాలా కష్టం. మీరు నాలుగేళ్లు ఒక్క క్లెయిమ్ కూడా చేయని ఖాతాదారు అయినా ఈ నియమంలో సడలింపు లేదు.

ఆటోపే అన్నది డబ్బు తీసుకోవడానికి మీరు ఇచ్చిన అనుమతి మాత్రమే, అది పాలసీ కాదు. కారు పాలసీ ఏటా కొత్త ఒప్పందం. డబ్బు అంది, కొత్త తేదీలతో పాలసీ పత్రం జారీ అయితేనే ఆ ఒప్పందం ఉన్నట్టు. మీరిచ్చిన అనుమతి పాత కార్డుతో ముడిపడి ఉంటుంది. కార్డు గడువు తీరి కొత్తది వచ్చినప్పుడు ఆ అనుమతి కూడా దాని మీదికి మారిందో లేదో చూసుకోవాలి. చాలా సందర్భాల్లో మళ్లీ నమోదు చేసుకోవలసిందే. మీ విషయంలో జరిగింది బహుశా ఇదే.

కార్డు మారకపోయినా ఆటోపే విఫలమయ్యే దారులు ఇంకా ఉన్నాయి. అనుమతి ఇచ్చేటప్పుడు గరిష్ఠ మొత్తం ఒకటి పెడతాం. కారు ప్రీమియం మాత్రం ఏటా ఒకేలా ఉండదు: కారు విలువ తగ్గుతుంది, బోనస్ శాతం మారుతుంది, థర్డ్ పార్టీ (మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఉండే బీమా) రేట్లను ప్రభుత్వం 2022 జూన్‌లో సవరించినట్టు ఎప్పుడైనా సవరించవచ్చు. అడిగిన మొత్తం గరిష్ఠాన్ని కొద్దిగా దాటినా బ్యాంకు చెల్లింపును ఆపేస్తుంది. వీటన్నిటికన్నా ఎక్కువగా నన్ను కలవరపెట్టేది ఫోన్ నంబరు సంగతి. షోరూములోనో ఏజెంటు దగ్గరో పాలసీ తీసుకున్నప్పుడు, దరఖాస్తులో కారు యజమాని నంబరుకు బదులు షోరూము వారి నంబరో ఏజెంటు నంబరో ఉండిపోవడం కద్దు. అప్పుడు గడువు ముగుస్తోందన్న హెచ్చరిక, చెల్లింపు జరగలేదన్న సమాచారం అన్నీ అటే పోతాయి. మీ పాత పాలసీ మొదటి పేజీ తీసి, మీ పేరు కింద ఉన్న నంబరు, మెయిల్ మీవేనా అన్నది ఈ రోజే చూడండి.

తరువాత బ్యాంకు స్టేట్‌మెంటు చూడండి. 2021 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, కార్డు మీద ఇలా డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటలకు ముందుగా బ్యాంకు మీకు సమాచారం పంపాలి. సెప్టెంబర్ చివరి వారంలో అలాంటి సందేశం వచ్చిందా, డబ్బు కట్ అయ్యిందా, కట్ అయి వెనక్కి వచ్చిందా అన్నదాని మీదనే మీ కేసు బలం ఆధారపడి ఉంటుంది. డబ్బు కట్ అయి కంపెనీకి చేరిన తరువాత కూడా పాలసీ ఇవ్వలేదని తేలితే మీ వాదనకు గట్టి ఆధారం దొరికినట్టే. కొత్త పాలసీ మీ చేతికి వచ్చి, చెల్లింపు నిలవలేదంటూ ఆ తరువాత రద్దు చేసి ఉంటే, రద్దు సంగతి మీకు ఎప్పుడు తెలియజేశారన్నది ముఖ్యమవుతుంది. చెక్కు చెల్లని ఇలాంటి ఒక కేసులో, రద్దు సమాచారం ప్రమాదానికి ముందే యజమానికి చేరనట్లయితే థర్డ్ పార్టీ బాధితులకు కంపెనీ పరిహారం చెల్లించాల్సిందేనని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. అది బాధితుల రక్షణ కోసం చెప్పిన మాట, సొంత కారు నష్టానికి వర్తించదు. డబ్బూ కట్ కాక, పాలసీ కూడా రాకపోతే, క్లెయిమ్ మీద ఆశ పెట్టుకోవద్దనే చెబుతాను.

ఆధారం దొరికితే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయండి. బీమా నియంత్రణ సంస్థ నడిపే ‘బీమా భరోసా’ పోర్టల్‌లో గానీ, 155255కు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఏడాదిలోగా, బీమా వివాదాలు తేల్చే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.

ఇక ఈ రోజే చేయవలసిన పని. కారు కదపాలంటే ముందు థర్డ్ పార్టీ పాలసీ తీసుకోండి. దీనికి తనిఖీ ఉండదు, ఆన్‌లైన్‌లో వెంటనే వస్తుంది. సొంత కారు నష్టానికి కూడా వర్తించే సమగ్ర పాలసీ కావాలంటే మాత్రం, మధ్యలో బీమా తెగిపోయింది కనుక కంపెనీ కారును తనిఖీ చేస్తుంది. ఈ మధ్య మనిషిని పంపకుండా యాప్‌లో వీడియో తీయమంటున్నారు: కారు నాలుగు వైపులా, ముందు అద్దం, బానెట్ ఎత్తి ఛాసిస్ నంబరు, ఇంజను ఆన్ చేసి మీటరు మీద కిలోమీటర్లు. కొమ్మ పడి సొట్టపోయిన చోటును దాచకండి. ఉన్న నష్టాన్ని వారు రాసుకుని, దానికి తమ బాధ్యత లేదంటారు, అది సబబే. దాన్ని దాచి పాలసీ తీసుకుని తరువాత అదే సొట్టకు క్లెయిమ్ పెడితే మోసం కింద లెక్కకట్టి పాలసీనే కొట్టేస్తారు. వీలైతే మరమ్మతు చేయించి, బిల్లు దగ్గర పెట్టుకుని, ఆ తరువాత వీడియో తీయండి.

మీ 45 శాతం బోనస్ ఇంకా పోలేదు. గడువు ముగిసిన 90 రోజుల్లోగా రెన్యువల్ చేసుకుంటే అది నిలుస్తుంది. మీ లెక్కన డిసెంబర్ చివరి వారంలో ఆ గడువు తీరుతుంది, కానీ అంతవరకు ఆగవద్దు. మన తీరానికి అక్టోబర్, నవంబర్ నెలలు తుపానుల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు కూలి ఎన్ని కార్లు నుజ్జయ్యాయో నగరం మరిచిపోలేదు. తుపాను, వరద నష్టాలు సమగ్ర పాలసీలోనే వస్తాయి, థర్డ్ పార్టీలో రావు. సరిగ్గా ఈ నెలల్లో కారు బీమా లేకుండా ఉండడం చాలా ప్రమాదం.

ఒక మాట కంపెనీలకు కూడా చెప్పాలి. చెల్లింపు విఫలమైందని తెలిసిన రోజునే, పాలసీ గడువు ముగియక ముందే, యజమానికి ఫోన్ చేసి చెప్పే బాధ్యత వారిదే కావాలి. పాలసీ అమ్మేటప్పుడు అన్నిసార్లు ఫోన్ చేయగలిగినవారికి ఇది భారం కాదు. నియంత్రణ సంస్థ దీన్ని తప్పనిసరి చేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: రెండేళ్ల క్రితం కొత్త కారు కొన్నప్పుడు మూడేళ్ల బీమా కట్టామని షోరూములో చెప్పారు. ఫోన్‌లో వాహన వివరాలు చూపే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్ చూస్తే బీమా ఇంకా ఏడాది ఉన్నట్టే కనిపిస్తోంది. మా తమ్ముడు మాత్రం కారుకు దెబ్బ తగిలితే పైసా రాదంటున్నాడు. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీ తమ్ముడి మాట నిజమయ్యే అవకాశమే ఎక్కువమ్మా. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. సొంత నష్టానికి సంబంధించిన భాగం మాత్రం సాధారణంగా ఒక్క ఏడాదికే ఇస్తారు. అంటే ఒకే పత్రంలో ముగింపు తేదీలు రెండు ఉంటాయి. పాలసీ మొదటి పేజీలో ‘ఓన్ డ్యామేజ్’ ఎదురుగా ఉన్న తేదీ చూడండి. అది గడిచిపోయి, మధ్యలో విడిగా ఏ పాలసీ తీసుకోకపోతే, ఏడాదిగా మీ కారు సొంత నష్టానికి బీమా లేకుండా తిరుగుతోందన్నమాట. యాప్‌లో చూపిన తేదీ చూసి సొంత నష్టం సంగతి తేల్చుకోకండి. 2019 సెప్టెంబర్ నుంచి సొంత నష్టానికి మాత్రమే విడిగా పాలసీ దొరుకుతోంది, అదే కంపెనీలో తీసుకోవాలని లేదు. తనిఖీ తప్పదు.

ప్రశ్న: పాలసీ అయిపోయిన రెండు మూడు రోజులు ఆఫీసుకు కారులో వెళితే ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ ప్రకారం మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ, మళ్లీ పట్టుబడితే జరిమానా 4,000. నిజంగా భయపడవలసింది దీనికి కాదు. ఆ రోజుల్లో మీ కారు తగిలి ఎవరైనా చనిపోయినా, గాయపడినా, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఆదేశించే మొత్తమంతా మీ ఇల్లూ జీతమూ నుంచే కట్టాలి. బీమా ఉంటే మరణానికీ గాయానికీ కంపెనీ బాధ్యతకు పరిమితి లేదు. కొత్త పాలసీ పత్రం చేతికి వచ్చేవరకు, మధురవాడ నుంచి ఎటు వెళ్లాలన్నా బస్సులోనో ఆటోలోనో వెళ్లండి.