ముసాయిదా నియమాలపై అభిప్రాయం అడిగితే ‘బాగున్నాయి’ అని రాసి వదిలేయకండి

మీరు అడిగింది ఇది: కళాశాలలో నమూనా స్మార్ట్ కార్ల పోటీ పెడుతున్నారు, ముసాయిదా నియమాలు నోటీసు బోర్డులో పెట్టి మూడు రోజుల్లో విద్యార్థుల అభిప్రాయాలు ఇమ్మన్నారు, ఇస్తే ఎవరైనా పట్టించుకుంటారా, అసలు ఏమి రాయాలి? పట్టించుకుంటారు, కాని పట్టించుకోక తప్పని విధంగా రాయాలి. నేను రెండు విధాలుగానూ రాసి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది నరసన్నపేట. శ్రీకాకుళం దగ్గర ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ చదివాను. రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. మూడో సంవత్సరంలో నలుగురం కలిసి మొదటిసారి ఈ పోటీకి పేరు ఇచ్చాం. గీత వెంట తనంతట తాను నడిచే కారు అది. ముందుభాగంలో నేలకు బాగా దగ్గరగా ఐదు పరారుణ సెన్సర్లు, రెండు చిన్న మోటార్లు, ప్రోగ్రాం ఎక్కించి కారును నడిపించే ఒక చిన్న ఆర్డునో బోర్డు, రెండు లిథియం సెల్స్. ఆ ఏడాది కూడా ముసాయిదా ఇచ్చి అభిప్రాయం అడిగారు. మేము ఒకే ఒక వాక్యం రాసి నలుగురం సంతకాలు పెట్టాం: “నియమాలు బాగున్నాయి, గడువు ఒక వారం పెంచగలరు.”

ట్రాక్ గురించి ఆ ముసాయిదాలో ఉన్నది ఒక్క ముక్క: “తెల్లని ఉపరితలంపై నల్లని గీత.” గీత ఎంత వెడల్పు, ఆ తెల్లనిది కాగితమా ఫ్లెక్సీయా, పోటీ ఏ వెలుతురులో జరుగుతుంది అని అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ల్యాబ్‌లో ట్యూబ్‌లైటు కింద తెల్ల చార్టులు అతికించి, వాటి మీద నల్ల ఇన్సులేషన్ టేపు వేసుకుని ఆరు వారాలు సాధన చేశాం. చివరి వారానికి మా కారు పద్దెనిమిది సెకన్లలో ఒక చుట్టు పూర్తి చేసేది.

పోటీ మార్చి మొదటి వారంలో, మా కళాశాల సమావేశ మందిరంలో జరిగింది. నేల మీద పెద్ద ఫ్లెక్సీ పరిచి గీతను దాని మీదే ముద్రించారు. హాలుకు తూర్పు వైపు పెద్ద పెద్ద కిటికీలు. బయట వేపచెట్టు ఉండడం వల్ల పొద్దున్నే లోపల చల్లగా, నీడగా ఉంది. మొదట పరుగెత్తిన ఏడెనిమిది కార్లు సాఫీగా వెళ్లిపోయాయి. చీటీలో మాకు వచ్చినది పదకొండో వంతు. మా పేరు పిలిచేసరికి తొమ్మిదిన్నర దాటింది. సూర్యుడు వేపచెట్టు మీదికి వచ్చేశాడు. రెండో మలుపు మీద తలుపంత ఎండ పడింది.

కారు వదిలాను. మొదటి మలుపు చక్కగా తిరిగింది. రెండో మలుపులో ఎండలోకి ముక్కు పెట్టిన మరుక్షణం గీత వదిలేసి నేరుగా వెళ్లి గోడను కొట్టుకుంది. మూడు అవకాశాలూ అలాగే పోయాయి. మూడోసారి తర్వాత కారును ఆ మలుపు దగ్గర గీత మీద పెట్టి, లాప్‌టాప్‌కు తగిలించి సెన్సర్ అంకెలు చూశాను. మా ల్యాబ్‌లో నల్ల గీత మీద 800 దాటే అంకె అక్కడ 140. అంటే కారు కంటికి నలుపు కూడా తెలుపే. మోకాళ్ల మీద కూర్చుని సెన్సర్ల పైన అరచేయి అడ్డం పెట్టాను. అంకె 820కి లేచింది. చేయి తీస్తే 140, పెడితే 820. ప్రోగ్రాంలో తప్పు లేదు, సోల్డరింగ్‌లో తప్పు లేదు, మోటార్లలో తప్పు లేదు. న్యాయనిర్ణేతగా ఉన్న సారు వంగి చూసి, “చేయి తీయమ్మా, సమయం అయిపోయింది, నియమాల్లో ఎండ గురించి ఏమీ లేదు కదా” అన్నారు. ఆయన అన్నది నిజం. నియమాల్లో ఏమీ లేదు. లేదని చెప్పడానికి మాకు మూడు రోజులు ఇచ్చారు, మేము గడువు పెంచమని రాశాం.

ఇందులో కిటుకు ఏమీ లేదు. టీసీఆర్‌టీ 5000 అనే ఆ సెన్సరు 950 నానోమీటర్ల పరారుణ కాంతిని నేల మీదికి పంపి, తిరిగి వచ్చిన దాన్ని కొలుస్తుంది. మామూలు వెలుతురును ఆపే వడపోత దాని ఒంటికే ఉంటుంది, కాని ఎండలో పరారుణం కూడా దండిగా ఉంటుంది. అది నేరుగా వచ్చి పడితే సెన్సరుకు చూపు నిండిపోతుంది. సెన్సరులోని పరారుణ దీపాన్ని ప్రోగ్రాం ద్వారా ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి అంకె చదివి తేడా తీసుకుంటే చాలా వరకు తట్టుకుంటుంది, అయినా నడినెత్తి ఎండకు అదీ చాలదు.

అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయని మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా జట్టులో ఒక అమ్మాయిది ఆ ఊరే. ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చుని ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు: “ఎండ ఏ వేళకు ఎక్కడికి వస్తుందో మా ఊళ్లో ఎప్పుడో లెక్క కట్టి గుడి కట్టారు. మనం ఒక్క పొద్దున ఈ హాలుకు వచ్చి చూడలేదు.” ఆ తర్వాత నలుగురిలో ఎవరికీ ముద్ద దిగలేదు.

మరుసటి ఏడాది మళ్లీ ముసాయిదా వచ్చింది. మళ్లీ మూడు రోజులే. ఈసారి అదే హాలుకు వెళ్లి, అదే మలుపు ఉన్న చోట అదే సెన్సరు పెట్టి, ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా అరగంటకొకసారి అంకెలు నోటు పుస్తకంలో రాశాం. రెండు రోజులు రాశాం. అభిప్రాయ పత్రం మొత్తం అర పేజీ. మొదట ముసాయిదాలో ఉన్న వాక్యం, దాని కింద మా అంకెల పట్టిక, దాని కింద ఆ వాక్యానికి బదులు ఏమి ఉండాలో మేమే రాసిన వాక్యం: “పోటీ జరిగినంతసేపు కిటికీలకు తెరలు వేసి ఉంచాలి, ప్రతి జట్టుకూ పరుగుకు ముందు ట్రాక్ మీద రెండు నిమిషాలు సెన్సర్లు సరిచూసుకునే అవకాశం ఇవ్వాలి.” మమ్మల్ని పిలిపించి పట్టిక చూశారు. తెరలకు ఒప్పుకున్నారు, రెండు నిమిషాలను ఒక నిమిషం చేశారు. పోటీ రోజున కిటికీలకు నల్ల టార్పాలిన్లు కట్టి ఉండడం చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఏడాది మాకు వచ్చింది నాలుగో స్థానం. ఆ టార్పాలిన్లే నాకు బహుమతి.

బ్యాటరీ సంగతి కూడా తప్పకుండా చూడండి. మా ముసాయిదాలో “12 వోల్టులకు మించరాదు” అని ఉండేది. మూడు లిథియం సెల్స్ వరుసగా కలిపిన బ్యాటరీ మీద 11.1 వోల్టులు అని రాసి ఉంటుంది. నిండా చార్జి చేసి మల్టీమీటరు పెడితే 12.6 చూపిస్తుంది. అది చెల్లుతుందా, చెల్లదా? అట్ట మీద రాసినది లెక్కా, మీటరులో కనిపించినది లెక్కా? ఒక జట్టును ఇదే కారణంతో పోటీ రోజున పక్కన పెట్టారు, పాపం వాళ్లు గంటసేపు బతిమాలుకున్నారు. “కొలిచినప్పుడు” అనే ఒక్క మాట నియమంలో చేరిస్తే సరిపోయేది.

నియమం ఎలా ఉండాలో చూడాలంటే చైనాలో 2006 నుంచి జరుగుతున్న విశ్వవిద్యాలయ విద్యార్థుల స్మార్ట్ కార్ల పోటీని చూడండి. అక్కడ విద్యుదయస్కాంత విభాగం, అంటే గీతకు బదులు తీగ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని కారు నడిచే విభాగం, పెట్టినప్పుడు ట్రాక్ మధ్యన తీగ వేసి, అందులో 20 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో 100 మిల్లీఆంపియర్ల ఏకాంతర విద్యుత్తు ఉంటుందని అంకెలతో సహా ఇచ్చారు. ఆ రెండు అంకెలు ఉంటే ఎక్కడో పల్లెలో కూర్చున్న కుర్రవాడు కూడా ఇంట్లో అదే ట్రాక్ వేసుకోగలడు. మా “తెల్లని ఉపరితలం” అలాంటిది కాదు. దాన్ని చూసి ఎవరికి తోచిన ట్రాక్ వారు వేసుకున్నారు, అసలు ట్రాక్ చూసినది మాత్రం పోటీ ముందురోజు సాయంత్రం.

ఆ సాయంత్రం సంగతి చెప్పకుండా ఉండలేను. సాధన సమయం ఆరు నుంచి తొమ్మిది. హాస్టల్ విద్యార్థులకు ఏ ఇబ్బందీ లేదు. నాలాంటి వాళ్లం ఏడు గంటల బస్సు ఎక్కకపోతే ఇంట్లో అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. రెండేళ్లూ నేను అసలు ట్రాక్ మీద కారు నడిపింది అరగంట చొప్పున మాత్రమే. సాధన సమయం మధ్యాహ్నానికి మార్చమని రెండో ఏడాది రాశాం. కాని అది ఊరికే ఒక విన్నపంలా రాశాం. ఎంతమంది బస్సులో వచ్చేవారు ఉన్నారో పేర్లు, ఊళ్లు, బస్సు వేళలు జత చేయలేదు. తరగతులు పోతాయని తిరస్కరించారు. ఆ పట్టిక ఎందుకు జత చేయలేదా అని ఇప్పటికీ బాధపడతాను, ఎందుకంటే ఆ నియమం వల్ల మా తర్వాతి అమ్మాయిలు కూడా నష్టపోయారు.

ఇంకొకటి, “తనిఖీ తర్వాత ఏ భాగమూ మార్చరాదు” అనే నియమం మీ ముసాయిదాలో ఉంటే వెంటనే అభ్యంతరం రాయండి. విశాఖపట్నంలో ఉన్నవారికి మోటార్లకు కరెంటు అందించే డ్రైవర్ బోర్డు కాలిపోతే గంటలో కొత్తది వస్తుంది. మనకు అది దొరకాలంటే వంద కిలోమీటర్లు దాటి వెళ్లాలి, ఒక రోజు పోతుంది. అందుకే విడిభాగాలన్నీ తనిఖీకి ముందే చూపించి, అదే రకం భాగాన్ని మార్చుకోవచ్చని ఉండాలి. కాలిపోయిన బోర్డుతో ఆరు వారాల కష్టం మట్టిలో కలవడం నేను పక్క జట్టులో కళ్లారా చూశాను.

ఇప్పుడు నేను ఒక పాలిటెక్నిక్‌లో ల్యాబ్ చూసుకుంటున్నాను, మా పిల్లల పోటీకి నియమాలు రాసేవారిలో నేనూ ఉన్నాను. వచ్చిన ప్రతి అభిప్రాయం పక్కనా ‘ఒప్పుకున్నాం’ అనో, ‘ఒప్పుకోలేదు, కారణం ఇది’ అనో రాసి మళ్లీ బోర్డులో పెట్టాలని పట్టుబట్టాను. మీరు కూడా మీ పత్రంలో చివరి వాక్యంగా అదే అడగండి. జవాబు రాయవలసి వస్తే ఎవరైనా పత్రం పూర్తిగా చదివి తీరాలి.

మీకు మూడు రోజులే ఉన్నాయి కాబట్టి రేపు ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య ఒక సెన్సరు, నోటు పుస్తకం పట్టుకుని ఆ హాలుకు వెళ్లండి. కిటికీలు ఏ వైపు ఉన్నాయో, ఎండ ఎంతవరకు వస్తుందో చూసి అంకెలు రాసుకోండి. మీ ముసాయిదాలో ట్రాక్, బ్యాటరీ గురించి ఉన్న వాక్యాలు ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు పెడితే, వాటికి బదులు ఏమి అడగాలో నేను రాసి ఇస్తాను.