వరద సిమ్యులేషన్ నడపబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ప్రాజెక్టు కోసం నది వరదల సిమ్యులేషన్ సీ ప్లస్ ప్లస్‌లో రాస్తున్నావట. శనివారం రాత్రంతా ల్యాబ్‌లోని ముప్పై కంప్యూటర్ల మీద నడపడానికి పర్మిషన్ కూడా తెచ్చుకున్నావట. సంతోషంతో కాసేపు నాకు మాట రాలేదు. తర్వాత నిద్ర కూడా రాలేదు. లేచి కూర్చుని ఇది రాస్తున్నాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ర్యాండమ్ నంబర్ల వరసను మొదలుపెట్టే సంఖ్య, అదే సీడ్, మెయిన్‌లో ఒక్కసారే ఇవ్వు, లూప్‌లో కాదు. ఆ నంబర్లిచ్చే పాత ర్యాండ్ ఫంక్షన్ జోలికి పోకు. ఒకే సీడ్ ఇచ్చినా లైబ్రరీని బట్టి వేరే నంబర్లు ఇస్తుంది, మైక్రోసాఫ్ట్ వాళ్లదైతే 32767 దాటదు. దాని బదులు సీ ప్లస్ ప్లస్‌లోనే ఉన్న 32 బిట్ల మెర్సెన్ ట్విస్టర్ వాడు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. సీడ్‌గా టైమ్ ఇచ్చేస్తే చాలని మీ నాన్నతో అన్నావట. చాలదు తల్లీ.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, ఒక ఆనకట్ట దగ్గర వరద ఎంత ఎత్తు లేస్తుందో లెక్క కట్టే పని నాకిచ్చారు. ఒక్కో రన్‌లో వెయ్యేళ్ల వాన. 24 మిషన్లు. నేనూ సీడ్‌గా టైమే ఇచ్చాను, అంటే 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క. మిషన్లన్నింటినీ ఒక స్క్రిప్టు వరసగా లేపింది. దానికి పట్టింది మూడు సెకన్లు. గడియారాలన్నీ నెట్‌వర్క్ మీద ఒకే టైమ్‌కు కలిపి ఉన్నాయి. ఒకే సెకనులో లేచిన మిషన్లన్నింటికీ ఒకే సీడ్, ఒకే వాన, ఒకే వరద. 24 వేల ఏళ్లు లెక్కేశానని రిపోర్టులో రాశాను. నిజానికి లెక్కేసింది మూడు వేలే. సగటులో ఉండగల పొరపాటు అసలు ఉండాల్సిన దానిలో దాదాపు మూడో వంతే కనిపించింది. అంత కచ్చితంగా వచ్చిందని మురిసిపోయాను కూడా.

కొత్తగా చేరిన ఒక అబ్బాయి వచ్చి, "మేడమ్, ఈ ఎనిమిది ఫైళ్లూ ఒకేలా ఉన్నాయి" అన్నాడు. ప్రోగ్రామ్ స్థిరంగా ఉందనడానికి అదే గుర్తు, వెళ్లి నీ పని చూసుకోమని కసిరాను. సాయంత్రం రెండు ప్రింటవుట్లు తెచ్చాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకున్నాడు. అంకె మీద అంకె కూర్చుంది. మాట్లాడకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నా చేతులు చల్లబడిపోయాయి. రిపోర్టు అప్పటికే బైండింగ్‌కి వెళ్లింది. పరుగెత్తి వెనక్కి తెచ్చాను. ఆ అంకె పట్టుకునే గట్టు ఎత్తు నిర్ణయిస్తారు, గట్టు కింద ఊళ్లున్నాయి. ఆ అబ్బాయికి సారీ చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సీడ్ కోసం ఎప్పటికప్పుడు కొత్త నంబరిచ్చే ర్యాండమ్ డివైస్ ఉందిగా అత్తా అంటావేమో. విండోస్ మీద పాత మిన్‌జీడబ్ల్యూ కంపైలర్లలో అది ప్రతిసారీ అవే నంబర్లు ఇచ్చేది. ల్యాబ్ మిషన్లలో ఏ వెర్షన్ ఉందో నీకు తెలుసా? పైగా అది నిజంగా కొత్త నంబరే ఇచ్చినా, దాన్ని రాసి పెట్టుకోకపోతే మర్నాడు అదే వరదను మళ్లీ రప్పించలేవు.

అందుకని ఇలా చెయ్యి. నువ్వే ఒక మూల సంఖ్య ఎంచుకో. ప్రతి రన్‌కూ ఒక నంబరు ఇవ్వు, ఒకటి నుంచి ముప్పై దాకా. ఆ రెండింటినీ కలిపి సీడ్ తయారుచేసే సీడ్ సీక్వెన్స్‌కి ఇచ్చి, దాంతో ట్విస్టర్‌ను మొదలుపెట్టు. సీడ్ సీక్వెన్స్ లెక్క ఎలా చెయ్యాలో సీ ప్లస్ ప్లస్ స్టాండర్డ్‌లోనే ఉంది కాబట్టి ఏ కంపైలర్ అయినా అదే ఇస్తుంది. రెండు సంఖ్యలనూ ప్రతి రిజల్టు ఫైలు మొదటి లైన్లో ప్రింట్ చేయించు. నోట్‌బుక్కులో పెన్నుతో కూడా రాయి, కరెంటు పోతే ఫైళ్ల మాట చెప్పలేం.

ట్విస్టర్ ఇచ్చే ముడి నంబర్లను మనకు కావలసిన తీరులోకి మార్చే డిస్ట్రిబ్యూషన్ల దగ్గర చాలామంది జారిపడతారు. ట్విస్టర్ ఇచ్చే నంబర్లు అన్నిచోట్లా ఒకటే, కానీ యూనిఫామ్, నార్మల్ లాంటివాటిని ఎలా లెక్క కట్టాలో స్టాండర్డ్ చెప్పలేదు, ఒక్కో లైబ్రరీ ఒక్కోలా చేస్తుంది. సున్నాకూ ఒకటికీ మధ్య సంఖ్య కావాలంటే, వచ్చిన నంబరును 4294967296.0తో నువ్వే భాగించుకో.

శుక్రవారమే రెండు మిషన్ల మీద చిన్న పరీక్ష పెట్టు. సీడ్ ఇవ్వకుండా 32 బిట్ల ట్విస్టర్‌ను పిలిస్తే 10,000వ నంబరు 4123659995 రావాలి. తర్వాత ఒకే రన్ నంబరుతో ఒకసారి, వేర్వేరు నంబర్లతో ఒకసారి నడుపు. ముడి నంబర్లు పోల్చు, వరద ఎత్తులు కాదు. వరద లెక్కలో వాడే లాగరిథమ్ చివరి అంకెలో లైబ్రరీల మధ్య తేడా రావచ్చు, దానికి టెన్షన్ పడకు.

ఆ ఫైళ్లు నాకు పంపు. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను. శనివారం ల్యాబ్‌లో ఏసీ చల్లగా ఉంటుంది, శాలువా తీసుకెళ్లు. ఎవరైనా జూనియర్ వచ్చి ఏదో తేడాగా ఉందక్కా అంటే, చేతిలో పని ఆపి ఆ ఫైలు తెరిచి చూడు తల్లీ.

నీ అత్త