అత్తమ్మ పోయిన ఇంట్లో నవ్వితే తప్పా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. పెళ్లై పద్నాలుగేళ్లు. మా అత్తమ్మ ప్రభువునందు నిద్రించి ఏడు నెలలైంది. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఇల్లంతా నవ్వులే. రాత్రి కుటుంబ ప్రార్థనలో మోకాళ్ల మీదే కునుకు తీసి, ఎవరి ప్రార్థన మధ్యలోనో ఉలిక్కిపడి గట్టిగా ‘ఆమెన్’ అనేసేవారు. మొన్న అన్నాలు తింటుంటే మా పదకొండేళ్ల బాబు అచ్చం అలాగే చేసి చూపించాడు. నేనూ పాపా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. మా ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. ‘‘మా అమ్మ పోయి ఏడాది తిరగలేదు, అప్పుడే నవ్వులా?’’ అన్నారు. అప్పట్నుంచి ఇంట్లో మాటల్లేవు. అత్తమ్మ చెల్లెలు, మా చిన్నత్తగారేమో ‘‘ప్రతి విషయంలో కృతజ్ఞత చెల్లించాలి, ఇంకా ఏడుస్తూ కూర్చుంటే అవిశ్వాసం’’ అంటారు. వచ్చే నెల కృతజ్ఞతా కూడిక పెట్టమంటున్నారు. అందరూ వీసా వచ్చిందనో, ఆపరేషన్ బాగా జరిగిందనో సాక్ష్యం చెబుతారు. మా ఇంట్లో ఏ అద్భుతమూ జరగలేదు, లేచి ఏం చెప్పను? నవ్వినందుకు సిగ్గుగా ఉంది, ఏడవాలంటే భయంగా ఉంది.

జవాబు: చెల్లెమ్మా, ఆ రాత్రి మీరు నవ్వింది అత్తమ్మను చూసి. ఏడు నెలల తర్వాత ఆవిడ మళ్లీ మీ అన్నాల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. తీసుకొచ్చింది మీ బాబు. నాయనమ్మ లేదన్న బాధ చెప్పుకోవడానికి ఆ వయసు పిల్లవాడికి మాటలుండవు, వాడికి చేతనైంది వాడు చేశాడు. అందుకే మిగతావన్నీ తర్వాత, ముందు వాణ్ణి దగ్గరకు తీసుకుని ‘‘నాయనమ్మను భలే చూపించావురా’’ అనండి. ఈ రోజే అనండి. ఇంట్లో ఫలానా పేరు ఎత్తకూడదని పిల్లలకు ఒకసారి అర్థమైందంటే పెద్దయ్యాక కూడా ఎత్తరు.

ఇక మీ ఆయన. మీ ఉత్తరంలో ఆయన ఏడ్చారన్న మాట ఎక్కడా లేదు. పెట్టె తెప్పించింది, సమాధుల తోటలో చోటు చూసింది, వచ్చిన బంధువుల భోజనాలు కనుక్కున్నది ఆయనే అయి ఉంటారు. మన ఊళ్లలో కొడుక్కి ఆ నాలుగు రోజులు ఏడవడానికి తీరిక దొరకదు. తీరిక దొరికేసరికి మగవాడు ఏడిస్తే ఏం బాగుంటుందంటారు. బాబు నోట ‘ఆమెన్’ వినగానే ఆయనకు అమ్మ గొంతు వినపడి ఉంటుంది. తట్టుకోలేక లేచారు, నోటికొచ్చిన మాట అన్నారు.

మా అమ్మ పోయినప్పుడు మీ ఆయన ఉన్నచోట నేనున్నాను. భూస్థాపన చేసి వచ్చిన రాత్రే పిల్లలు దొంగతనంగా తినకుండా అమ్మ ఆవకాయ గదికి తాళం వేసి ఆ తాళంచెవి ఎక్కడ పెట్టిందో మరిచిపోయిన సంగతి మా అన్నయ్య చెప్పి పడీపడీ నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నెల రోజులు వాడితో మాట్లాడలేదు. రోజూ తెల్లారుజామున లేచి దొడ్లో ఒక్కడే కూర్చుని ఏడ్చేవాడని తర్వాత వదిన చెప్పింది. ఇద్దరికీ ఉన్నది ఒకే దుఃఖం. వాడికి నవ్వుగా వచ్చింది, నాకు కోపంగా వచ్చింది. ఆ నెల రోజులు తిరిగి రావు గదా అని ఇప్పటికీ అనుకుంటాను.

చిన్నత్తగారు చెప్పిన మాట పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రికలోది, 5వ అధ్యాయం 18వ వచనం. ఒక్క అధ్యాయం వెనక్కి వెళ్లి 4:13 చదవండి. అక్కడ అదే పౌలు నిద్రించినవాళ్ల గురించి రాస్తూ, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు. అసలు దుఃఖమే పనికిరాదని అనలేదు. చనిపోయిన లాజరును కాసేపట్లో బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు ఆ సమాధికి వెళ్లేముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్లారాధనకు వెళ్లిన ప్రతిసారీ నాకు ఇంకొకటి గుర్తొస్తుంది. తనను అప్పగించిన రాత్రి ఆయన రొట్టె పట్టుకుని కృతజ్ఞతలు చెప్పాడు. ఆ రాత్రే గెత్సేమనే తోటలో, చచ్చిపోయేంత దుఃఖంగా ఉందని శిష్యులతో చెప్పుకున్నాడు. ఒక్క రాత్రిలో ఒక్క నోటి నుంచి రెండూ వచ్చాయి. అలాంటప్పుడు మీరు ఏడవడానికి ఎందుకు భయపడాలి? ఇవన్నీ చిన్నత్తగారికి అప్పజెప్పి వాదం పెట్టుకోమని మాత్రం కాదు. ఆవిడా అక్కను పోగొట్టుకున్న మనిషే. ఆ వచనాన్ని పట్టుకునే రోజులు గడుపుతున్నారేమో.

సాక్ష్యం సంగతి నాకు చాలా రోజులుగా మనసులో ఉన్నదే. మన కూడికల్లో పెద్ద మేలు జరిగినవాళ్లే లేవాలన్న అలవాటు పడిపోయింది. వీసా రాని పిల్లవాడు, ఆపరేషన్ తర్వాత కూడా మనిషిని దక్కించుకోలేని ఇల్లాలు వెనక వరసలో తలొంచుకుని కూర్చుంటారు. ఇది మంచిది కాదు. కోత పండుగ రోజు చూడండి, ఎవరికి పండింది వాళ్లు గుడికి తెస్తారు. గుమ్మడికాయ, అరటిగెల, కోడిపెట్ట, దోసిట్లో నాలుగు నిమ్మకాయలు. నిమ్మకాయలు తెచ్చిన ముసలమ్మను ఎవరూ వెనక్కి పంపరు. వేలంలో అవీ పలుకుతాయి. పద్నాలుగేళ్లు ఒకే పొయ్యి దగ్గర మిమ్మల్ని నవ్విస్తూ ఒక అత్తగారు ఉండడం చిన్న మేలా? అత్తాకోడళ్ల గొడవల ఉత్తరాలు నాకు ఎన్ని వస్తాయో మీకు తెలియదు.

నవ్వి భయపడిన ఆడమనిషి మీకు ముందు బైబిల్లోనే ఉంది. ముసలితనంలో బిడ్డ పుడతాడంటే అబ్రాహాము భార్య శారా నమ్మలేక గుడారం గుమ్మం దగ్గర తనలో తనే నవ్వుకుంది. అడిగితే భయపడి నవ్వలేదని బొంకింది. ఏడాది తిరిగేసరికి ఒళ్లో బిడ్డ. ‘దేవుడు నాకు నవ్వు కలుగజేసెను’ అంది. ఆ బిడ్డ ఇస్సాకు, ఆ పేరుకు అర్థమే నవ్వు. దేవుడు ఆ నవ్వును తప్పుపట్టి తుడిచెయ్యలేదు, పేరుగా నిలిపాడు.

లేవీయకాండం 7వ అధ్యాయంలో కృతజ్ఞతార్పణకు ఒక నియమం ఉంది. బలిగా ఇచ్చిన పశువు మాంసం అర్పించిన రోజే తినెయ్యాలి, మర్నాటికి ఉంచకూడదు. ఒక్కడు కూర్చుని ఒక్క రోజులో మేకనంతా తినలేడు గదా, నలుగుర్నీ పిలవాల్సిందే. మీరూ అలా చెయ్యండి. ఏడాదికోసారి కూడికలో చెబుదామని దాచుకోకుండా, రాత్రి కుటుంబ ప్రార్థనలో పాట అయ్యాక తలా ఒక్క సంగతి, ఆ రోజుదే చెప్పుకోండి. ‘ఈ రోజు కరెంటు పోలేదు’, ‘గోంగూర బాగా కుదిరింది’ అన్నా చాలు. మీ ఆయనను బలవంతపెట్టొద్దు. ‘నాకేం లేదు’ అంటే అలాగే కానివ్వండి. ‘అమ్మ గుర్తొచ్చింది’ అంటే దానికీ ఆమెన్ అనండి. ‘ఎన్నాళ్లు మరచిపోతావు’ అని దేవుణ్ణి నిలదీసినవి కూడా కీర్తనల్లో ఉన్నాయి.

కూడిక పెట్టాలా వద్దా అన్నది మీ ఆయనకే వదిలెయ్యండి. ఇప్పుడు వద్దంటే ఆగండి, చిన్నత్తగారికి ఆ సంగతి మీరే నెమ్మదిగా చెప్పండి.

ఒక్క విషయంలో ఆలస్యం చెయ్యొద్దు. ఆయనకు వారాల తరబడి నిద్రలేకపోయినా, తిండి సరిగ్గా తినకపోయినా, మందు తాగడం అలవాటైనా, ‘నేనూ అమ్మ దగ్గరికి పోతా’ లాంటి మాట ఒక్కసారి వచ్చినా వెంటనే మానసిక వైద్యుడికి చూపించండి. టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడొచ్చు. పాస్టరు గారి ప్రార్థన పాస్టరు గారిదే, డాక్టరు వైద్యం డాక్టరుదే, ఒకటి రెండోదానికి అడ్డం రాదు.

ఈ ఆదివారం గుడి అయ్యాక మీరిద్దరే సమాధుల తోటకు వెళ్లండి. నవంబరు 2న సమాధుల పండుగ వచ్చేదాకా ఆగక్కర్లేదు. సమాధి చుట్టూ గడ్డి ఇద్దరూ కలిసి పీకండి, చేతులు పనిలో ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. ‘‘ఆ రాత్రి మీ మనసు నొప్పించాను. నాకు అత్తమ్మ బాగా గుర్తొచ్చారు’’ అనండి. నవ్వడం తప్పా ఒప్పా అన్న చర్చ అక్కడ వద్దు. కాసేపాగి, ‘‘మీ చిన్నప్పుడు కూడా అత్తమ్మ ప్రార్థనలో అలాగే కునికేవారా?’’ అని అడగండి. ఆ ‘ఆమెన్’లు మీరు పద్నాలుగేళ్లే విన్నారు, ఆయన పుట్టినప్పట్నుంచీ విన్నారు. ఆయన చెబుతుంటే మధ్యలో ఏమీ అనకుండా వినండి.