జపనీస్ నేర్చుకునే అమ్మాయికి ఎలక్ట్రానిక్ డిక్షనరీ ఎప్పుడు కొనాలి?

ప్రశ్న: మాది కరీంనగర్. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసింది. జపాన్‌లో కేర్‌గివర్ ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి జపనీస్ నేర్చుకుంటోంది. జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో మొదటి మెట్టు ఎన్5 అయిపోయింది, దాని పై మెట్టు ఎన్4 పాఠాలు మొదలయ్యాయి. మా తోడల్లుడి కొడుకు ఒసాకాలో ఉంటాడు. దసరాకి వస్తూ కాసియో ఎలక్ట్రానిక్ డిక్షనరీ తెస్తానంటున్నాడు. ధర 30 వేల యెన్ దాకా అవుతుందట. ఫోన్‌లో అన్నీ ఉండగా అదెందుకు, దండగ అని మా ఆవిడ అంటోంది. ఫోన్ చేతిలో ఉంటే చదువు సాగట్లేదని అమ్మాయి అంటోంది. కొనమంటారా? కొంటే ఏది కొనాలి?

జవాబు: ఈ దసరాకి తెప్పించకండి. అసలే వద్దని కాదు. అమ్మాయి ఎన్4 గట్టెక్కి ఎన్3 పాఠాల్లో పడ్డాక కొంటే ఆ డబ్బుకి పూర్తి విలువ దక్కుతుంది. ఇప్పుడు కొంటే నాలుగు రోజులు చూసి పక్కన పెట్టేస్తుంది. తప్పు అమ్మాయిది కాదు. ఆ పరికరం తయారైంది ఆమె లాంటి వాళ్ల కోసం కాదు.

వీటిని జపాన్‌లో దెన్షి జిషో అంటారు. 1979లో షార్ప్ కంపెనీ తెచ్చిన ఐక్యూ-3000తో అక్కడ వీటి కథ మొదలైంది. తర్వాత కాసియో ఎక్స్-వర్డ్, కానన్ వర్డ్‌ట్యాంక్, సైకో, షార్ప్ బ్రెయిన్ అని రకరకాలు వచ్చాయి. బాగా నడిచిన రోజుల్లో, అంటే 2007 ప్రాంతంలో, ఏడాదికి సుమారు 28 లక్షలు అమ్ముడుపోయేవి. వీటికి పెద్ద గిరాకీ జపాన్ హైస్కూల్ పిల్లల నుంచే. వాళ్లకి జపనీస్ ఎటూ వచ్చు, రావలసింది ఇంగ్లిష్. కాబట్టి లోపలి నిఘంటువులన్నీ జపనీస్ చదవగలిగిన మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మెనూలూ, సూచనలూ, బటన్ల మీది పేర్లూ ఎక్కువగా జపనీస్‌లోనే ఉంటాయి.

ఎన్4లో ఉన్న పిల్ల దాన్ని తెరిస్తే ఏమవుతుందో చెప్తాను. జ్వరాన్ని జపనీస్‌లో ఏమంటారో చూద్దామని ఇంగ్లిష్ నుంచి వెతికిందనుకోండి. జవాబు కంజిలో, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాల్లో వస్తుంది. దాన్ని ఎలా పలకాలో చాలాసార్లు పక్కన ఉండదు, ఎందుకంటే జపాన్ పిల్లలకి ఆ అవసరం లేదు. ఆ పదాన్ని ఎంచుకుని, జంప్ బటన్ నొక్కి, ఇంకో నిఘంటువులోకి వెళ్తే గానీ ఉచ్చారణ దొరకదు. ఉదాహరణ వాక్యం చూస్తే అందులో మరో నాలుగు తెలియని కంజిలు. ఇక క్రియల సంగతి. తబెమషిత అని పాఠంలో ఉన్నది ఉన్నట్టు కొడితే చాలా పరికరాలు చూపించవు. దాని మూలరూపం తబెరు అని తనకే తెలిసి ఉండాలి. ఒక్క పదానికి ఐదు నిమిషాలు పట్టిన తర్వాత ఎవరికైనా విసుగు వస్తుంది. ఈ దశలో ఆ విసుగు చాలా ప్రమాదం, చదువు మీదే మనసు విరిగిపోతుంది.

ఈ స్థాయికి ఉచితంగా దొరికే యాప్‌లే మంచివి. డబ్బు మిగుల్తుందని మాత్రమే ఇలా అనడం లేదు. వీటిలో చాలావాటికి ఆధారం జేఎండిక్ట్ అనే నిఘంటువు. ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన జిమ్ బ్రీన్ 1991లో మొదలుపెట్టిన పనిలోంచి అది పుట్టింది. బయటి దేశాల నుంచి జపనీస్ నేర్చుకునేవాళ్లకి అక్కరకొచ్చేలా పెరిగింది. ప్రతి పదానికీ ఉచ్చారణ ఉంటుంది, క్రియ ఏ గుంపులోదో రాసి ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో తకొబొతో అనే యాప్ దీన్నే వాడుతుంది, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

ఫోన్ పట్టుకుంటే చదువు సాగట్లేదని అమ్మాయి తనంతట తనే చెప్పిందంటే మెచ్చుకోవాలి. ఆ ఇబ్బంది నిజం. పదం కోసం ఫోన్ తీస్తే వాట్సాప్ మెసేజ్ కనిపిస్తుంది, అక్కడి నుంచి రీల్స్, ఇక అరగంట పోయినట్టే. దీనికి నేను చెప్పే ఉపాయం ఒకటే. ఇంట్లో ఎక్కడో మూలన పాత స్మార్ట్‌ఫోన్ ఉంటుంది. స్క్రీన్ కాస్త పగిలినా ఫర్వాలేదు. సిమ్ తీసేసి, అన్నీ చెరిపేసి, డిక్షనరీ యాప్ ఒక్కటీ, వేలితో కంజి రాయడానికి జపనీస్ కీబోర్డూ పెట్టండి. తర్వాత వైఫై ఆపేయండి. దెన్షి జిషో నుంచి అమ్మాయి కోరుకుంటున్నది ఇదే కదా, చదువు తప్ప ఇంకేమీ లేని పరికరం. పాత ఫోన్ లేకపోతే సెకండ్ హ్యాండ్‌ది తీసుకున్నా కాసియో ధరలో చిన్న భాగమే అవుతుంది.

ఇంకో మాట. ఈ పరికరాల్లో తెలుగు లేదు. జపనీస్ నుంచి ఇంగ్లిష్‌కి, ఇంగ్లిష్ నుంచి మన మనసులోకి, ఇలా రెండు మెట్లు ఎక్కాలి. అందుకని నోట్సులో అర్థం ఇంగ్లిష్‌లో రాసి వదిలేయొద్దనండి. పదం ఉన్న చిన్న వాక్యం రాసి, దాని కింద తెలుగు వాక్యం రాయమనండి. జపనీస్‌లోనూ మనలాగే క్రియ చివర వస్తుంది, విభక్తులు పదం వెనక చేరతాయి. వాక్యం వరస ఇంగ్లిష్‌లోకంటే తెలుగులో ఎంతో సులువుగా కుదురుతుంది. మన పిల్లలకి ఇది పెద్ద వరం. ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలని పట్టుబట్టి చాలామంది దాన్ని పోగొట్టుకుంటున్నారు.

మరి ఎన్3కి వచ్చేసరికి ఏం మారుతుంది? ఉచిత యాప్ అక్కడ చాలదు. అది ఒక పదానికి ఐదారు ఇంగ్లిష్ అర్థాలు వరసగా పెడుతుంది గానీ, ఏది ఎప్పుడు వాడాలో సరిగా చెప్పదు. వృద్ధులకి బట్టలు తొడగడం కేర్‌గివర్ రోజూ చేసే పని. చొక్కా వేసుకోవడానికి ఒక క్రియ, ప్యాంటుకీ సాక్సుకీ ఒకటి, టోపీకి ఒకటి, కళ్లద్దాలకి ఇంకొకటి. ఇంగ్లిష్‌లో చూస్తే అన్నీ ఒకటే అర్థం. తేడా తెలియాలంటే నమ్మదగిన ఉదాహరణ వాక్యాలు కావాలి, అవీ ఒకటి రెండు కాదు. కెన్‌క్యూషా అనే ప్రచురణ సంస్థ వాళ్ల పెద్ద జపనీస్-ఇంగ్లిష్ నిఘంటువులో దాదాపు 1,30,000 ప్రధాన పదాలున్నాయి, వాటికింద లక్షల్లో వాక్యాలూ పదబంధాలూ ఉన్నాయి. అలాంటిది జేబులో ఉండటం, ఒక పదం లోంచి ఇంకో పదంలోకి జంప్ చేసుకుంటూ పోవడం, వెతికిన పదాలన్నీ హిస్టరీలో మిగలడం, ఇవి చదువుని నిజంగా ముందుకి తీసుకెళ్తాయి. కాస్త జపనీస్ చదవడం వచ్చిన మనిషి చేతిలో ఇంతకు మించిన పనిముట్టు లేదని నా నమ్మకం.

ఉద్యోగంలో చేరాక ఇంకో ఉపయోగం బయటపడుతుంది. కేర్ హోముల్లో వృద్ధుల ఫొటోలూ వివరాలూ బయటికి పోకూడదని డ్యూటీలో సొంత ఫోన్ వద్దనే చోట్లు ఉంటాయి. కెమెరా, ఇంటర్నెట్ లేని డిక్షనరీకి అభ్యంతరం తక్కువ. అయినా చేరిన మొదటి రోజే పైవాళ్లని అడిగి తెలుసుకోవాలి. అక్కడి రికార్డుల్లో వచ్చే మాటలు మామూలు పాఠాల్లో ఉండవు. పడక పుండ్లని మాటల్లో తొకొజురె అంటారు, రికార్డులో జొకుసో అని రాస్తారు. మింగేటప్పుడు ఆహారం శ్వాసనాళంలోకి పోవడం గోఎన్. జపాన్ ప్రభుత్వం నిత్య వాడుకకి ఖరారు చేసిన జాబితాలో 2,136 కంజిలున్నాయి. జొకుసో రాసే రెండు కంజిలూ, గోఎన్‌లోని రెండోదీ ఆ జాబితాలోనే లేవు. పలకడం తెలియని అక్షరాన్ని టైపు చేయలేం కదా, చూసి గీయాలి. కాబట్టి కొనబోయే పరికరంలో చేత్తో రాసే ప్యానెల్ తప్పనిసరి. అది లేనిది ఎంత చౌకగా వచ్చినా తీసుకోకండి.

మోడల్స్ దగ్గరికి వస్తే, కాసియోలోనే హైస్కూల్‌కి, యూనివర్సిటీకి, ఇంగ్లిష్‌కి, వైద్యరంగానికి వేర్వేరు ఉంటాయి. ప్యాకెట్ మీద వంద పైచిలుకు పుస్తకాలున్నాయని రాసి ఉంటుంది. ఆ అంకె చూసి మురిసిపోవద్దు. హైస్కూల్ మోడల్‌లో చాలా భాగం ప్రాచీన జపనీస్, చరిత్ర, అక్కడి ప్రవేశపరీక్షల సరుకు. వైద్య మోడల్ వైద్యరంగంలో పనిచేసేవాళ్ల కోసం, ధర బాగా ఎక్కువ. నర్సింగ్ చదివింది కదా అని దాని వైపు వెళ్లకండి, కేర్ హోమ్ పనికి అంత అవసరం లేదు. పెద్ద జపనీస్-ఇంగ్లిష్ నిఘంటువు ఒకటి, కంజి నిఘంటువు ఒకటి, జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఉచ్చారణ నిఘంటువు దొరికితే అదొకటి, ఈ మూడూ ఉన్నాయో లేదో చూస్తే చాలు. కెన్‌క్యూషా పెద్దది సాధారణంగా ఇంగ్లిష్ కోసం చేసిన పైస్థాయి మోడల్స్‌లో ఉంటుంది. కొనేముందు కొట్లోనే గోఎన్ కంజిలు ప్యానెల్ మీద గీసి, ఇంగ్లిష్ అర్థం దాకా వెళ్లడానికి ఎన్ని నొక్కులు పడుతున్నాయో చూడాలి. ఆ పరీక్షలో నెగ్గిందే కొనాలి.

కొత్తదే కావాలని పట్టుబట్టకండి. సైకో 2015లోనే ఈ వ్యాపారం వదిలేసింది. కాసియో కూడా కొత్త మోడళ్ల తయారీ ఆపేస్తున్నట్టు 2025లో వార్త వచ్చింది, ఉన్నవి మాత్రం అమ్ముతున్నారు. వెనకటి మోడల్‌కీ కొత్తదానికీ లోపలి నిఘంటువుల్లో పెద్ద తేడా ఉండదు. జపాన్‌లో వాడిన వస్తువుల కొట్లు ఎక్కువ, సరుకూ శుభ్రంగా ఉంటుంది. 30 వేల యెన్ అంటే సుమారు 17, 18 వేల రూపాయలు. అందులో మూడో వంతుకే మంచిది దొరకవచ్చు. మరీ పాతవి, ముఖ్యంగా కానన్ వర్డ్‌ట్యాంక్, పేరు బాగున్నా ఇప్పుడు వద్దు. చెడిపోతే బాగుచేసేవాళ్లు దొరకరు.

ఆన్‌లైన్‌లో ట్రాన్స్‌లేటర్ అని ఇంకో రకం అమ్ముతున్నారు. మాట్లాడితే వేరే భాషలో పలుకుతుంది. ప్రయాణాలకి పనికొస్తుందేమో గానీ, భాష నేర్పదు. డిక్షనరీ అనుకుని దాన్ని కొనకండి. శిక్షణ సంస్థ ఎవరైనా డిక్షనరీ తప్పనిసరి అని కిట్‌లో కలిపి డబ్బు అడిగితే ఒప్పుకోవద్దు. జేఎల్‌పీటీ గానీ, దానికి బదులు రాసే జపనీస్ పరీక్ష జేఎఫ్‌టీ-బేసిక్ గానీ, ఏ పరీక్ష హాల్లోకీ డిక్షనరీ తీసుకెళ్లనివ్వరు.

అడగకపోయినా ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే నర్సింగ్ చదివిన పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. భారత్, జపాన్ 2021 జనవరిలో ఒప్పందం చేసుకున్న స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ అనే వీసా దారిలో వెళ్తే అక్కడ దొరికేది కేర్‌గివర్ పని, నర్సు ఉద్యోగం కాదు. దానికి జేఎల్‌పీటీ ఎన్4 లేదా జేఎఫ్‌టీ-బేసిక్, వాటితోపాటు కేర్ పని నైపుణ్య పరీక్ష, కేర్ జపనీస్ పరీక్ష పాసవ్వాలి. ఆ వీసా మీద ఐదేళ్ల దాకా ఉండవచ్చు. ఆ తర్వాతా అదే పనిలో ఉండాలంటే కైగో ఫుకుషిషి అనే కేర్ వర్కర్ల జాతీయ పరీక్ష నెగ్గాలి, అది జపనీస్‌లో రాయాలి. మన దగ్గర చదివిన నర్సు అక్కడ నర్సు లైసెన్స్ పరీక్షకి కూర్చోవాలంటే మామూలుగా అన్నిటికంటే పై మెట్టయిన ఎన్1 అడుగుతారు. ఏ దారి ఎంచుకున్నా, ఎన్4 తర్వాతే అసలు చదువు మొదలవుతుంది. ఇప్పుడు మిగిలే డబ్బుని పరీక్ష ఫీజులకీ, ఎన్3 కోచింగ్‌కీ కేటాయించమని అందుకే అంటున్నాను. నైపుణ్య పరీక్షకి కావలసిన పాఠ్యపుస్తకం జపాన్ ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంది, దానికి ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు.

వాడినది కొనే రోజు వచ్చినప్పుడు కొన్ని చూసుకోవాలి. మూత తెరిచే బందు వదులుగా ఉందా? స్క్రీన్ మీద గీతలు పడ్డాయా? రాసే ప్యానెల్ నాలుగు మూలలా పనిచేస్తోందా? పెన్ను పోకుండా ఉందా? ఎక్స్-వర్డ్ మోడల్స్‌లో ఎక్కువ శాతం రెండు డబుల్-ఏ సెల్స్‌తో నడుస్తాయి, అవి మన కిరాణా కొట్లోనూ దొరుకుతాయి. షార్ప్ బ్రెయిన్ మోడల్స్‌లో చాలావాటికి లోపలే ఛార్జింగ్ బ్యాటరీ ఉంటుంది. పాతదైతే అది నీరసించి ఉంటుంది, ఇక్కడ మార్పించడం కష్టం. ధర కాస్త ఎక్కువైనా సెల్స్ వేసుకునేదే తీసుకోండి.