పాత చీటీతో లెట్రోజోల్ వాడొద్దు.. ముందు టీఎస్‌హెచ్ చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 29. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 74 కిలోలు. పీసీఓఎస్ (అండాలు సరిగా విడుదల కాని హార్మోన్ సమస్య) వల్ల పీరియడ్స్ 45–50 రోజులకోసారి వస్తాయి. అండం విడుదల కోసం ఇచ్చిన లెట్రోజోల్ వాడాక గర్భం వచ్చింది కానీ ఎనిమిదో వారంలో హార్ట్‌బీట్ లేదన్నారు. మాత్రలతో తీసేసి నాలుగు నెలలైంది. అప్పట్లో వేసుకునే థైరాయిడ్ 50 మాత్ర మానేశాను. పాత చీటీ మీద లెట్రోజోల్ తెచ్చుకుని రెండు నెలలుగా వాడుతున్నా. నెల తప్పితే పీరియడ్స్ వచ్చే మాత్రలు వేసుకుంటున్నా. బొప్పాయి తిన్నందుకే గర్భం పోయిందని అత్తయ్య అంటున్నారు. ఈసారి నిలబడాలంటే ఏ ఇంజెక్షన్లు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

సలహా: ఇంజెక్షన్ల సంగతి తర్వాత చూద్దాం. మీరు మామూలుగా రాసేసిన రెండు విషయాలే నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నాయి. థైరాయిడ్ మాత్ర మానేశారు, లెట్రోజోల్ మీ అంతట మీరే మొదలుపెట్టారు.

థైరాయిడ్ మాత్ర కడుపులో బిడ్డ కోసమే ఇచ్చారనుకుని చాలామంది అబార్షన్ కాగానే ఆపేస్తారు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే హార్మోన్) బాగా పెరిగితే అండం విడుదల దెబ్బతింటుంది, గర్భస్రావం ముప్పూ పెరుగుతుంది. ఈ వారంలోనే పరీక్ష చేయించండి. థైరాయిడ్ మందు వాడుతూ గర్భం కోసం చూసేవారికి టీఎస్‌హెచ్ 2.5 లోపు ఉండేలా చూస్తాం. డాక్టర్ మళ్లీ మాత్ర రాస్తే పరగడుపున నీళ్లతో వేసుకోండి, కాఫీ, టిఫిన్ కనీసం అరగంట ఆగాకే. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భం వచ్చిందని తెలిసిన రోజే డాక్టర్‌కు చెప్పండి. అప్పుడు డోసు సాధారణంగా 25–30 శాతం పెంచాల్సి వస్తుంది.

ఇక లెట్రోజోల్. పీసీఓఎస్‌లో అండం విడుదలకు మేం మొదట ఎంచుకునే మందు అదే. తప్పు మందులో లేదు, వాడిన తీరులో ఉంది. పీరియడ్స్ రెండో రోజో మూడో రోజో మొదలుపెట్టి ఐదు రోజులు ఇస్తాం. తొలి డోసు రోజుకు 2.5 మిల్లీగ్రాములు, స్పందన లేకపోతే తర్వాతి నెలల్లో 5, 7.5కు పెంచుతాం. పదో రోజు నుంచి అండం ఎదుగుదల చూసే ఫాలిక్యులర్ స్కాన్ చేస్తాం. ఫాలికిల్ (అండం పెరిగే సంచి) 18–20 మిల్లీమీటర్లకు వచ్చిందా, గర్భసంచి పొర 7–8 మిల్లీమీటర్లు ఉందా చూసుకున్నాకే, కావాలంటే అండం విడుదలకు హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇస్తాం. స్కాన్ లేకుండా వాడితే అండం అసలు పెరిగిందో లేదో, ఒకేసారి మూడు నాలుగు పెరిగాయో ఎవరికీ తెలియదు. ఆ రెండు నెలలూ ఏమైందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అండోత్పత్తి స్ట్రిప్పుల మీదా ఆధారపడొద్దు. పీసీఓఎస్‌లో ఎల్‌హెచ్ (ఆ స్ట్రిప్పులు పసిగట్టే హార్మోన్) మామూలుగానే ఎక్కువగా ఉండి, ఉత్తపుణ్యానికి పాజిటివ్ చూపిస్తాయి.

ఇంతకంటే ప్రమాదం, నెల తప్పగానే పీరియడ్స్ మాత్ర మింగడం. 50 రోజులకోసారి వచ్చే నెలసరిలో ‘ఇది మామూలు ఆలస్యమే’ అనుకోవడం తేలిక. అది గర్భమే అయితే? పైగా మాత్ర పని చేసిందనుకుని మళ్లీ లెట్రోజోల్ వేసుకుంటారు, అది గర్భంలో వాడకూడని మందు. యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయకుండా ఈ రెండింట్లో ఏ మాత్రా ముట్టుకోవద్దు. ఇంత చెప్పినా ‘మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చాడు’ అనేవారు వస్తూనే ఉంటారు. ఒక్క చిన్న జాగ్రత్త: హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్న నెలలో రెండు వారాలు ఆగాకే టెస్ట్ చేయండి. లేదంటే ఆ మందే పాజిటివ్ చూపిస్తుంది.

మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) దాదాపు 30. ఐదు శాతం, అంటే నాలుగు కిలోల లోపు తగ్గినా కొందరిలో అండాలు వాటంతటవే విడుదలవుతాయి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగి చేసే షుగర్ పరీక్ష చేయించుకోండి. పీసీఓఎస్‌లో ఫాస్టింగ్ షుగర్ బాగున్నా రెండు గంటల తర్వాతది పెరిగి ఉండొచ్చు. మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర) అవసరమో కాదో ఆ రిపోర్టు చూసే డాక్టర్ నిర్ణయిస్తారు. ఫోలిక్ యాసిడ్ గర్భం కోసం ప్రయత్నించే ముందు నుంచే వేసుకోవాలి. మీ బరువుకు 5 మిల్లీగ్రాములది రాయొచ్చు. మీవారి వీర్యపరీక్ష గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. కలయికకు రెండు నుంచి ఐదు రోజులు ఎడం ఉంచి అది చేయించండి. ఒకసారి గర్భం వచ్చింది కదా అని వదిలేయకండి.

అత్తయ్యగారికి చెప్పండి, బొప్పాయి ముక్కల వల్ల గర్భం పోలేదని. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండం క్రోమోజోముల తేడాల వల్లే పోతాయి. ఒక్కసారి గర్భస్రావానికి టార్చ్ (ఇన్ఫెక్షన్ల పరీక్ష) లాంటి ఖరీదైన ప్యానెళ్లు అక్కర్లేదు. రెండోసారి జరిగితే కారణాలు వెతుకుతాం. ప్రొజెస్టిరాన్ (గర్భం నిలవడానికి తోడ్పడే హార్మోన్) అందరికీ అవసరం లేదు. ఇంతకుముందు గర్భస్రావమై, ఈసారి తొలి వారాల్లో రక్తం కనిపించినవారికే దానివల్ల లాభం కనిపించింది. ముందుగానే ఏ ఇంజెక్షనూ వేయించుకోకండి. అబార్షన్ తర్వాత ఒక నెలసరి సరిగా వస్తే ప్రయత్నించొచ్చు, కానీ మీ విషయంలో థైరాయిడ్ కుదిరేదాకా ఆగడం మేలు.

ఈసారి టెస్ట్ పాజిటివ్ వస్తే ఆరు, ఏడు వారాల మధ్య స్కాన్ చేయించండి. మీకు అండం ఆలస్యంగా విడుదలవుతుంది కాబట్టి పీరియడ్ తేదీ లెక్క తప్పొచ్చు. పిండం చిన్నగా ఉంది, హార్ట్‌బీట్ లేదు అంటే వెంటనే మాత్రలు వేసుకోకుండా, వారం పది రోజులకు మరో స్కాన్ అడగండి. ఒకపక్క కడుపులో తీవ్రమైన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, విపరీతమైన బ్లీడింగ్ ఉంటే మాత్రం ఆగకూడదు, రాత్రైనా ఆస్పత్రికి వెళ్లాలి. మీ బ్లడ్ గ్రూపు రాయలేదు. నెగటివ్ అయితే అబార్షన్ సమయంలో యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చారో లేదో పాత కాగితాల్లో చూసి, వాటిని వెంట పెట్టుకుని గైనకాలజిస్టును కలవండి. మిమ్మల్ని పరీక్షించకుండా ఇంతకుమించి మందులు చెప్పలేను.